పేరు వదులుకోవడం, పేరు పోవడం

పూజ కోసం మలచిన విగ్రహానికి శిల్పి పేరు అవసరమా అన్న ప్రశ్న, పైకి కళాచరిత్రకు చెందినట్టు కనిపించినా, మూలంలో ధర్మానికి సంబంధించినది. విగ్రహం ముందు మోకరిల్లిన భక్తుడు చెక్కను చూడడు, ఆ చెక్కను చెక్కిన చేతిని అసలే తలచుకోడు. క్రైస్తవంలో 787లో జరిగిన రెండవ నైసియా మహాసభ, ఆ తరువాత 1563లో ట్రెంట్ మహాసభ ఈ అనుభవానికే సిద్ధాంతరూపం ఇచ్చాయి: ప్రతిమకు చేసే వందనం ప్రతిమ దగ్గర ఆగక, అది ఎవరి రూపమో ఆ మూలమూర్తికి చేరుతుంది. ఈ సిద్ధాంతాన్ని చివరిదాకా తీసుకుపోతే శిల్పి అనామకంగా మిగిలిపోవడం లోపం కాదు, ఒక విధమైన సాధన. ఈ వాదానికి 17వ శతాబ్దపు స్పెయిన్ శిల్పి లూయిసా రోల్డాన్ జీవితం గట్టి పరీక్ష పెడుతుంది.

సెవిల్ నగరంలో 1652లో పుట్టిన లూయిసా, అక్కడ పేరుమోసిన శిల్పి పెద్రో రోల్డాన్ కూతురు. ఆయన కార్ఖానాలోనే పని నేర్చుకుంది. 1671లో తండ్రికి ఇష్టం లేకపోయినా, తోటి శిల్పి లూయిస్ ఆంతోనియో దె లోస్ ఆర్కోస్‌ను పెళ్లాడింది. వారికి పుట్టిన బిడ్డల్లో ఎక్కువమంది చిన్నతనంలోనే పోయారు. 1680ల చివరలో కుటుంబం మాడ్రిడ్ చేరింది. 1692లో రెండవ కార్లోస్ రాజు ఆమెను ఆస్థానశిల్పిగా నియమించాడు. అయితే పదవి వచ్చినా జీతం సరిగా అందకపోవడంతో, ఉండటానికి ఇల్లు, తినడానికి తిండి ఇప్పించమని ఆమె రాజుకు అర్జీలు పెట్టుకోవలసి వచ్చింది. 1706 జనవరిలో పేదరాలిగానే కన్నుమూసింది.

ఆమె పనితనం ఎంతటిదో తెలియాలంటే, ప్రస్తుతం లాస్ ఏంజెలిస్‌లోని గెట్టీ మ్యూజియంలో ఉన్న సెయింట్ హినేస్ విగ్రహాన్ని దగ్గరగా చూడాలి. దాదాపు మనిషెత్తు ఉన్న ఈ చెక్క విగ్రహం 1692 ప్రాంతానిది. దీని కళ్లు గాజువి. నోరు ఉపదేశం మధ్యలో ఉన్నట్టు కొద్దిగా తెరుచుకుని ఉంటుంది. అంగీ మీది జరీపని భ్రమకు కారణం ‘ఎస్తొఫాదో’ అనే పద్ధతి: చెక్కకు జిప్సం పూత వేసి, దానిపై బంగారు రేకు అతికి, రేకు మీద రంగు పూసి, ఆ రంగును సన్నని మొనతో గీకితే, గీత గీతకూ కింది బంగారం బయటపడి బట్టలో నేసిన పువ్వులా మెరుస్తుంది. చెక్కేవారు ఒకరు, రంగులు వేసేవారు మరొకరు కావడం అప్పటి రివాజు. లూయిసా మలచిన విగ్రహాలు కొన్నిటికి రంగులు వేసింది ఆమె మరిది తొమాస్. అంటే ఇటువంటి మూర్తి పలువురి చేతులమీదుగా రూపుదిద్దుకునేది గనుక, దాన్ని ఒక్కరి పేరిట చెప్పడం ఎప్పుడూ కొంత అసంపూర్ణమే.

పని సమష్టిదన్న మాట నిజమే గాని, ఆ పనికి దక్కిన పేరు మాత్రం సమష్టిది కాలేదు. కార్ఖానాలో ఎవరు ఉలి పట్టినా మూర్తి యజమాని పేరుమీదే బయటికి వెళ్లేది. పెళ్లయిన స్త్రీ చేసే పనికి ఒప్పందపత్రం మీద సంతకం సాధారణంగా భర్తది. అందువల్ల తండ్రి పేరు నిలిచింది, భర్త పేరు పత్రాలకెక్కింది, కూతురూ భార్యా అయిన శిల్పి పేరు చాలాచోట్ల జారిపోయింది. అనామకత్వాన్ని వినయమని కీర్తించేవారు గుర్తించవలసిన భేదం ఇక్కడే ఉంది. త్యాగం చేయాలంటే ముందు ఆ వస్తువు తనదై ఉండాలి; తనది కానివ్వని పేరును ఆమె త్యజించిందనడం, ఆకలితో ఉన్నవారిని ఉపవాసం చేస్తున్నారని మెచ్చుకోవడం వంటిది.

స్పెయిన్‌లోని కాదిజ్ నగర కెథెడ్రల్‌లో ఉన్న ‘ఎక్కే హోమో’, అంటే ముళ్లకిరీటంతో జనం ముందు నిలబెట్టిన యేసు మూర్తి, ఈ చర్చను మరో మలుపు తిప్పుతుంది. 1984లో దానికి మరమ్మతు చేస్తుండగా తల లోపల ఒక కాగితం దొరికింది. 1684లో లూయిసా ఆ మూర్తిని భర్త తోడ్పాటుతో మలిచినట్టు అందులో ఉంది. మూడువందల ఏళ్లపాటు ఆ పేరు భక్తుల కంటికి అడ్డురాలేదు, అలాగని చెరిగిపోనూలేదు. బయట చెక్కిన సంతకం కీర్తిని కోరుతుంది, అసలు లేని సంతకం మరుపుకు లోబడుతుంది. మూర్తి తలలో దాచిన పేరు ఈ రెంటికీ మధ్య నిలుస్తుంది; శిల్పి తాను ఎవరి రూపాన్ని మలిచిందో ఆయనకే తన పేరు తెలియజేసుకున్నట్టుంది.

మరచిన పేరును తిరిగి తెచ్చే ఉత్సాహానికి కూడా హద్దుండాలి. ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్రవారంలో, మన ఉత్సవమూర్తుల మాదిరిగానే సెవిల్ వీధుల్లో ఊరేగే మకరేనా మరియమాత విగ్రహాన్ని ఎవరు చెక్కారో తెలియదు. అది లూయిసా పనే అయి ఉంటుందని జనంలో ఒక నమ్మకం ఉంది. కన్నీటి చెంపల ఆ సౌకుమార్యం స్త్రీ చేతికే సాధ్యమన్న ఊహ దానికి ఆధారమైతే, అది గౌరవం ముసుగులో వచ్చిన పాత పక్షపాతమే; ఎందుకంటే స్పెయిన్ రాజుల ఎస్కొరియల్ మఠంలో సైతానును కాలికింద తొక్కిపట్టిన మిఖాయేలు దేవదూతను చెక్కిందీ లూయిసా చేయే.

నైసియా సూత్రం వందనం ఎక్కడికి చేరుతుందో చెప్పింది, శ్రమ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేదు. మొదటిది భక్తి విషయం, రెండవది ఋణం విషయం. కాగితం దొరకకముందు కాదిజ్‌లో మోకరిల్లినవారి ప్రార్థనకు కొరత లేదు, దొరికాక దానికి చేరిన పుణ్యమూ లేదు. రాజు ఖజానా బాకీపడిన కూలిలో ఒక భాగం మాత్రం, పేరు రూపంలో, ఆలస్యంగా ముట్టింది.