వీధిలోని బిడ్డకు కావలివారెవరు?

ధ్యానభాగము: జెకర్యా 8:4, 5



పట్నమునకు ఎవరునూ వెళ్లని ఇల్లు నేడు మన సంఘములలో అరుదు. చౌటుప్పల్ నుండి హైదరాబాదునకు విజయవాడ రహదారి మీద సుమారు 50 కిలోమీటర్లే. తెల్లవారి బస్సెక్కినవాడు పొద్దెక్కకముందే కూలి అడ్డా మీద నిలువగలడు. కొంతకాలము అట్లు తిరిగినవారు పిమ్మట హయత్‌నగర్‌లోనో, వనస్థలిపురములోనో, సైదాబాదు బస్తీలలోనో ఒక గది కిరాయికి తీసికొని భార్యాబిడ్డలతో అక్కడనే నిలిచిపోవుచున్నారు. తండ్రి సెంట్రింగు పనికో, ఆటో నడుపుటకో, వాచ్‌మన్ పనికో పోవును. తల్లి నాలుగిండ్లలో అంట్లు తోమును.

వారిని చూడబోయినప్పుడు నేను ఎక్కువగా వినునది కిరాయి సంగతి కాదు, ఫీజుల సంగతియు కాదు. సాయంకాలము నాలుగు గంటలకు బడి విడుచుదురు. తల్లిదండ్రులు ఇల్లు చేరునప్పటికి ఏడో ఎనిమిదో అగును. ఆ నడిమి గంటలలో బిడ్డ ఎక్కడ ఉండును? ఎవరితో తిరుగును? ఫోనులో ఏమి చూచును? ఇదియే వారి నిత్యపు దిగులు. ఈ దిగులులో ఒక ధర్మసందేహము దాగియున్నది. నా బిడ్డను నేను కాచుకొన్న యెడల నా బాధ్యత తీరినదా? గల్లీలోని తక్కిన బిడ్డలతో నాకేమి పని?

మన పల్లెలలో ఈ ప్రశ్న అంతగా పుట్టలేదు. ఏలయనగా అక్కడ బిడ్డను చూచు కన్నులు పెక్కు. వేపచెట్టు క్రింది ముసలివాడు, కిరాణము కొట్టువాడు, బోరింగు వద్ద బిందె నింపుకొను అమ్మ, మగ్గము గుంటలోనుండి తల యెత్తి చూచు నేతగాడు, వీరందరును కావలివారే. ఎరుగని పిల్లవాడు కనబడగానే "ఎవ్వల పిల్లగానివిరా?" అని అడుగుదురు. వాడు చేసిన అల్లరి వానికంటె ముందుగా ఇల్లు చేరును.

అయినను పల్లెను మరీ పొగడకూడదు. ఆ ప్రశ్నలో కావలితోపాటు కులమును వెదకు కన్ను కూడ ఉండెను. ఏ వాడ పిల్లవాడు, ఏ గడప ఎక్కవచ్చును, ఏ బావి నీళ్లు ముట్టవచ్చును అని ఆ కన్ను కొలిచి చూచెను. ఆ కొలతలు మన పెద్దలకు బాగుగా తెలియును. ఎవరునూ "ఎవ్వల బిడ్డవు" అని అడుగని చోటికి పోవుటయే మేలని పట్నము చేరినవారు మనలో ఉన్నారు. వారికి అచ్చట దొరికిన ఊరట నిజమైన ఊరట. అయితే అవమానించుటకు అడుగువారు లేని ఆ గల్లీలో, ఆదుకొనుటకు అడుగువారును లేకపోయిరి.

అందుచేత తలుపు వేయుటయే ఉపాయమని అనేకులు తలంచుచున్నారు. బయట తాళము వేసి, లోపలి బిడ్డ చేతికి ఫోను ఇచ్చి పోవువారున్నారు. వారిని నిందింపవద్దు. యోసేపును మరియయు నజరేతు అను పల్లెనుండి పండుగకు పోయి, పండ్రెండేండ్ల బాలుడు బంధువుల గుంపులో ఉన్నాడని నమ్మి ఒక దినప్రయాణము సాగిపోయిరి. పిమ్మట తిరిగివచ్చి, దుఃఖపడుచు యెరూషలేములో వెదకిరి. వారు అజాగ్రత్తగల తల్లిదండ్రులు కారు. పట్నములో బిడ్డ కంటికి కనబడకపోవుట ఎట్టిదో వారెరుగుదురు.

నేటి తల్లిదండ్రుల భయమునకును హేతువున్నది. 2023 ఫిబ్రవరి నెలలో అంబర్‌పేటలో ఒక వాచ్‌మన్ తన నాలుగేండ్ల కుమారుని పనిచోటికి వెంటబెట్టుకొని పోగా, వీధికుక్కలు మీదపడి ఆ బిడ్డ ప్రాణము తీసెను. 2021 సెప్టెంబరులో సైదాబాదు సింగరేణి కాలనీలో ఆరేండ్ల బాలిక అత్యాచారమునకు గురియై చంపబడెను; ఆమె మృతదేహము పొరుగింటిలోనే దొరికెను. ఆ కాలనీలో మన నల్లగొండ ప్రాంతమునుండి బ్రతుకుదెరువుకు పోయిన కుటుంబములు అనేకము ఉన్నవి. ఇవి మరచిపోదగిన సంగతులు కావు.

అయితే భయము ఒక్కటే కావలి కాసినప్పుడు ఏమగునో కూడ మనము చూచితిమి. 2018 మే నెలలో, పిల్లలను ఎత్తుకొనిపోవువారు వచ్చిరని ఫోనులలో వదంతి ప్రాకెను. తెలంగాణలో పలుచోట్ల, మన యాదాద్రి భువనగిరి జిల్లాలో సహితము, జనులు గుంపుగూడి నేరమెరుగని మనుష్యులను కొట్టి చంపిరి. కొట్టినవారిలో తల్లిదండ్రులు కూడ ఉండియుందురు. మా పిల్లల కొరకే చేసితిమని వారనుకొనియుందురు. తన బిడ్డమీది ప్రేమ పొరుగువానిని ఎరుగకుండ పెరిగిన యెడల, అది హేబెలు రక్తమువరకు పోగలదు. బిడ్డను ప్రేమించుట పుణ్యమే గాని, ఆ పేరిట చేసినదంతయు పుణ్యము కాజాలదు.

ఇప్పుడు మన ప్రశ్నకు రండి. ముందుగా స్వంత బిడ్డను చూచుకొనుట స్వార్థము కాదు. తన యింటివారిని సంరక్షింపనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని పౌలు తిమోతికి వ్రాసెను. అయితే బబులోను చెరలోనున్న వారికి యిర్మీయా వ్రాసిన పత్రికను కూడ చదువుడి. వారు ఇష్టపడి చేరిన పట్టణము కాదది. అయినను అక్కడ ఇండ్లు కట్టుకొని, బిడ్డలను కని, ఆ పట్టణపు క్షేమమును కోరుడని ప్రవక్త వారికి తెలియజేసెను; ఆ క్షేమములోనే వారి క్షేమమును ఉన్నదనెను. గల్లీ క్షేమము ఒకటి, నా యింటి క్షేమము వేరొకటి అని విడదీయుటకు ఇందులో చోటులేదు. కుక్కల గుంపు నా యింటి సంఖ్య చూచి రాదు. దుష్టుడును పేరడిగి రాడు.

జెకర్యా చూచిన పట్టణము ఇంకను విశేషమైనది. చెరనుండి తిరిగివచ్చిన ఆ దినములలో యెరూషలేము ప్రాకారములు ఇంకను కట్టబడలేదు. నెహెమ్యా వచ్చి వాటిని కట్టుటకు ఇంకను డెబ్బది యేండ్లు పట్టెను. అట్టి పట్టణమునకు దేవుని ఆశీర్వాదము వచ్చినదని ఎట్లు తెలియును? ప్రవక్త గోడలను చూపలేదు. చేతికఱ్ఱలు పట్టుకొని వీధులలో కూర్చున్న వృద్ధులను ముందు చూపి, ఆ వెంటనే అవే వీధులలో ఆడుకొను బాలురను బాలికలను చూపెను. ఈ రెండు వచనములను కలిపి చదువవలెను. ముసలివారు కూర్చున్న వీధిలోనే పిల్లలు ఆడుకొందురు. పెద్దల కన్నులుండగా బిడ్డలకు తాళముతో పని తక్కువ.

ఇందుకొక నిదర్శనము మన ఆదివారపు బడియే. ఇంగ్లాండులో గ్లాస్టర్ అను పట్టణమున గుండుసూదుల కర్మాగారములలో వారమంతయు పనిచేసిన పిల్లలు ఆదివారము వీధులలో దిక్కులేక తిరుగుచుండిరి. రాబర్ట్ రైక్సు అను పత్రికాధిపతి 1780లో వారికొరకు బడి పెట్టించెను. వారు ఆయన బిడ్డలు కారు. ఆయన తన తలుపు మూసికొనియుండిన యెడల ఎవరునూ తప్పుపట్టియుండరు.

పొరుగువాడే హాని చేసినప్పుడు పొరుగును ఎట్లు నమ్ముదుమని కొందరు అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. ఎరుగుట వేరు, గ్రుడ్డిగా నమ్ముట వేరు. చెడుతనము ఒంటరి గదిని, ఎవరునూ చూడని గంటను కోరుకొనును. అందుచేత కావలి ఒక్కరిది కాక పలువురిది కావలెను. ఇరుగుపొరుగు నాలుగైదిండ్ల తల్లులు మాట్లాడుకొని, వంతుప్రకారము ఒకరు ఆ సాయంకాలపు గంటలలో పిల్లలను తెరచిన తలుపుల ముందర కూర్చుండబెట్టవచ్చును. చిన్నపిల్లలకు దగ్గరలో అంగన్‌వాడీ ఉన్నదేమో కనుగొనవలెను. ఎవరైనను ముట్టరాని చోట ముట్టినచో, ఎవరికీ చెప్పవద్దన్నచో, ఆ మాట తప్పక ఇంట చెప్పవలెనని బిడ్డకు నేర్పవలెను. చెప్పినప్పుడు కొట్టక, కసరక, నమ్మవలెను. ఆపదలో 1098 సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, అట్టి నేరము తెలిసియు చెప్పక దాచుట కూడ నేరమే. చేసినవాడు బంధువైనను, సంఘపు పెద్దయైనను, బోధకుడైనను, పరువు కొరకు బిడ్డను మరుగుపరచుట దేవునియెదుట పాపము. ఫోనులో వచ్చిన ప్రతి వదంతిని ఇతరులకు పంపుటయు మానవలెను.

పల్లెలలోని అవ్వలారా, తాతలారా, మీకును ఇందులో పనియున్నది. కుమారుని యింటికి పోయినప్పుడు లోపలి గదిలో విసుగుతో కూర్చుండకుడి. గడప ముందర కుర్చీ వేసికొని కూర్చుండుడి. పోవు పిల్లలను పలుకరించుడి. ఎవ్వల బిడ్డవని మీ వాడుక ప్రకారము అడుగుడి. అయితే కులము తెలిసికొనుటకు కాక, పేరు తెలిసికొనుటకు అడుగుడి. జెకర్యా చూచిన చేతికఱ్ఱ మీ చేతిలో ఉన్నది.

పట్నము సంగతి మనకెందుకని అనుకొనవద్దు. చౌటుప్పల్ 2018లో పురపాలక సంఘమైనది. 2019లో దండుమల్కాపురమున పారిశ్రామిక పార్కు ప్రారంభింపబడెను. కంపెనీల పనికిని, ఇటుకబట్టీల పనికిని ఒడిశా, బీహారు మొదలగు చోట్లనుండి వచ్చిన కుటుంబములు మన ప్రాంతమున గదులలో, గుడిసెలలో ఉన్నవి. వారి తల్లులకు మన భాష రాదు. వారి పిల్లలు మన రోడ్ల ప్రక్కనే, లారీల నడుమనే ఆడుకొనుచున్నారు. హైదరాబాదులో మన మనుమలు ఎట్లున్నారో, ఇక్కడ ఆ బిడ్డలు అట్లున్నారు. అక్కడి పొరుగువారు మన బిడ్డను చూడవలెనని ప్రార్థించు మనము, ఇక్కడి బిడ్డ పేరు అడిగితిమా?

ఈ నెలలో ప్రతి సంఘమువారు ఈ ఒక్క పని చేయుడి. మీ మందిరమునకు దగ్గరలో పనివారి పిల్లలు ఎందరున్నారో, ఏ గంటలలో ఒంటరిగా ఉన్నారో కనుగొనుడి. సాయంకాలము మందిరపు వరండాను వారికి తెరచి, ఇద్దరు పెద్దలు కలిసి అక్కడ కూర్చుండుడి. వారిది ఏ మతమని అడుగకుడి. చీకటి పడి తల్లి వచ్చువరకు ఆ బిడ్డలు మనవారే.