విడుదలైన తరువాత



చేయని నేరమునకు చెరసాలకేగిన మనుష్యుడు నిర్దోషియని విడువబడినప్పుడు, అతనికి న్యాయము జరిగెనని మనము సంతోషింతుము. అయితే విడుదలయు న్యాయమును ఒక్కటేనా? దీనిని విచారింతము.

2007 డిసెంబరులో విజయవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నమందు ఒక విద్యార్థిని తానుండు హాస్టలులోనే హత్య చేయబడెను. 2008 ఆగస్టులో పోలీసులు ఒక పేద యువకుని పట్టుకొనిరి. ఇతడు దోషి కాడని హతురాలి తల్లిదండ్రులే చెప్పుచు వచ్చినను, 2010లో విజయవాడ న్యాయస్థానము అతనికి శిక్ష విధించెను. 2017 మార్చి 31న హైదరాబాదులోని హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసి, అతనికి లక్ష రూపాయలు చెల్లింపవలెనని ఆజ్ఞాపించెను. అతడు చెరలో గడిపిన కాలము ఎనిమిది సంవత్సరములకు పైమాటే. లెక్క వేసిన, దినమునకు 35 రూపాయలైనను పడదు. అటు బిడ్డను పోగొట్టుకొన్న ఆ తల్లిదండ్రులకును అన్ని యేండ్లు న్యాయము దొరకకపోయెను. ఒక తప్పు తీర్పు రెండు ఇండ్లను పాడుచేయును.

ఇట్టివారికి పరిహారము నిచ్చు చట్టమొకటి కావలెనని 2018లో భారత లా కమిషన్ తన 277వ నివేదికలో సిఫారసు చేసెను. ధనము మాత్రమే చాలదు, మనస్సునకు చికిత్సయు, బ్రదుకుటకు వృత్తి శిక్షణయు కావలెనని అందు చెప్పబడెను. ఇది మంచి మాట. అయితే ఏ చట్టమును ఇయ్యలేనిది ఒకటి కలదు.

“నిప్పు లేనిదే పొగ రాదు” అని మన గ్రామములలో అందురు. కోర్టు విడిచినవానిని ఈ సామెత మరల బంధించును. న్యాయస్థానము తప్పినయెడల పై కోర్టు కలదు. రచ్చబండ మీది గుసగుసకు అప్పీలు ఎక్కడ? అక్కడ సాక్షి లేడు, విచారణ లేదు, శిక్షకు గడువును లేదు.

యోసేపు వృత్తాంతము చూడుడి. అతడు నిర్దోషియై చెరలో నుండెను. మేలు పొందిన పానదాయకుల అధిపతి రెండు సంవత్సరములు అతని మరచెను. యజమానుని భార్య తన అబద్ధమును ఒప్పుకొనినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. అయినను ఫరో అందుకొరకు కనిపెట్టలేదు. చెర విడిపించుటతో ఊరకుండక, అతనికి వస్త్రములను, పేరును, పనిని, కుటుంబమును ఇచ్చెను. అదియే పూర్ణమైన విడుదల.

మనకు ఫరో యొక్క ఐశ్వర్యము లేదు, పోయిన యేండ్లను తిరిగి ఇయ్యనులేము. అయితే చెరసాల తలుపు ప్రభుత్వము తెరచును, ఊరి తలుపు మనమే తెరవవలెను. అట్టివాడు మన మధ్యకు తిరిగి వచ్చినప్పుడు అతనిని పేరు పెట్టి పిలుతము, కోతకు పిలుతము, పెండ్లికి పిలుతము. అతడు నిర్దోషియని ఊరు చెప్పవలసిన తీరు ఇదే.