కిటికీ పక్క చోటు

విశాఖ నుంచి అరకు వెళ్ళే రైలుదారి మన సరదాల కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి 1960లలో కొండలు తొలిచి వేశారు. అందం మనకు దక్కిన కొసరు.

చిన్నప్పుడు ఒకసారి ఆ రైలెక్కి పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చాం. శృంగవరపుకోట దాటాక కొండలు మొదలు. ఆ మార్గంలో మొత్తం 58 సొరంగాలట! చీకటి పడ్డప్పుడల్లా పిల్లలం కేకలు పెట్టి, లెక్క తప్పి, కిటికీ కోసం తగువులాడుకున్నాం. అమ్మ మాత్రం పులిహోర పొట్లాలు విప్పుతూ, మా వంతులు తేలుస్తూ కూర్చుంది.

"నాకిక్కణ్ణుంచే కనిపిస్తోందిలే" అంది. నమ్మేశాం. నమ్మితేనే మనకు సుఖం కదా!

త్యాగం గొప్పదే, కాదనను. కానీ ఎదుటివాళ్ళని ఒక్కమాటైనా అడగకుండా పుచ్చుకుంటే, అది వాళ్ళ త్యాగమా, మన స్వార్థమా?

మొన్న అదే రైల్లో మా అమ్మాయి, "నువ్వు కూర్చోమ్మా" అంది. "నాకిక్కణ్ణుంచే..." అనబోయి నాలిక్కరుచుకున్నాను. ఈ అబద్ధం దానికీ అలవాటు చెయ్యడమెందుకు? కిటికీ పక్కకి జరిగాను.

బొర్రా స్టేషను ముందు లోయ విచ్చుకుంది. అమ్మ సరిగా చూడని లోయ. ఇద్దరి కోసమూ చూశాను.