ఎలుగు తినే పండు

బళ్లారి అనగానే గనుల ఎర్రదుమ్ము, మండే ఎండ గుర్తొస్తాయి. ఆ సీమలోనే, హంపికి దగ్గర్లో, దరోజి గుట్టల్లో ఎలుగుబంట్లు కాపురముంటున్నాయి. 1994లో వాటికోసమే అక్కడ అభయారణ్యం వెలిసింది. బండలకు పూసిన తీపికోసం సాయంత్రం దిగివచ్చే ఎలుగును చూసి చాలామంది తిరిగొచ్చేస్తారు. అసలు కథ ఆ బండ దగ్గర లేదని నాకనిపిస్తుంది.

ఏ కాలంలో ఏది పండుతుందో రైతుకు తెలిసినట్టే ఎలుగుకూ తెలుసు. ఎండల్లో మర్రిపండ్లు, తొలకరికి నేరేళ్లు, చలికాలంలో రేగుపండ్లు. వానకు నేల మెత్తబడితే పొడవాటి గోళ్లతో పుట్ట తవ్వుతుంది. ముక్కురంధ్రాలు మూసుకుని, పెదవులు చాచి చెదల్ని జుర్రుతుంది. ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది! తిన్న గింజలు దాని పెంటతో పడి మొలుస్తాయి. గుట్టకు విత్తనాలు చల్లే కూలి అడగని కూలీ అది.

అందుకే ఎండుగడ్డికి నిప్పు పెట్టకండి, పుట్టలు పడగొట్టకండి. రాత్రి చేను కాపలాకు వెళ్లేవాళ్లు లైటు పట్టుకుని, గట్టిగా మాట్లాడుతూ నడవండి. ఎలుగు చూపు మందం. మనిషి దగ్గరికొచ్చేదాకా పోల్చుకోలేదు. బెదిరితే మీదపడుతుంది, ముందే అలికిడి వింటే చాలావరకు తానే తప్పుకుంటుంది.