తునకలు: శుద్ధి ఎక్కడుంది?

దుమ్ముగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ పరిశీలనల ఆధారంగా, భద్రాచలం ప్రాంతపు కోయల అంత్యక్రియల్లో ఆవునో ఎద్దునో వధించి దాని తోకను మృతుని చేతిలో ఉంచే ఆచారాన్ని ఎడ్గర్ థర్‌స్టన్ 1909 నాటి గ్రంథంలో నమోదు చేశాడు. ఆవు వధను ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 1977 చట్టం నిషేధించినా, పశుమాంసాన్ని అపవిత్రంగా చూసే దృష్టి ముందు ఆ ఆచారం లేవనెత్తే తాత్విక ప్రశ్న మిగిలే ఉంది: ఆహారపు శుద్ధి పదార్థంలో ఉంటుందా, దాని పట్ల మనిషి పాటించే బాధ్యతలో ఉంటుందా? తెలంగాణ పల్లెల్లో తునకలు, అంటే సన్నగా చీల్చి ఉప్పు పట్టించి ఎండబెట్టిన పశుమాంసం, రెండో సమాధానాన్నే సమర్థిస్తాయి. ఎండ తేమను లాగేస్తే, పొయ్యి పొగ కుళ్లును ఆలస్యం చేస్తుంది, తీసిన ప్రాణంలో ఏదీ వృథా కాదు. మాంసాహారాన్ని కాదనేవారు ముందుంచే అహింస, అనగా ప్రాణికి హాని తలపెట్టకపోవడం, మహోన్నత విలువే. అయితే తిండిని బట్టి తోటి మనిషిని అపవిత్రుడనడం ఆ విలువనే భంగపరుస్తుంది.