ముగ్గురివీ మూడు బాల్యాలు

అమ్మాయ్, పెద్దబ్బాయ్, చిన్నోడా,

మీ నాయన సంవత్సరీకం విషయంలో మీ ముగ్గురికీ మాటామాటా పెరిగిందని మీ అమ్మ నా దగ్గర కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది. పెద్దబ్బాయి రానే రానన్నాడట. ‘ఎంతైనా కన్నతండ్రి, మరీ అంత చెడ్డవాడేం కాదు’ అని చిన్నోడు అన్నాడట. ‘నువ్వు మంచి రోజుల్లో పుట్టావు, నీకేం తెలుసురా’ అని అక్క కసిరిందట. నేను చెప్పేది కాస్త ఓపిగ్గా వినండి. మీలో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

మీ వెనక వీధిలోనే కాపురమున్న పెద్దమ్మను, నాకు తెలియనిదేముంది? పొద్దుగూకితే అక్క చెవులన్నీ మీ నాయన సైకిల్ మీదే ఉండేవి. స్టాండు వేసిన చప్పుడైతే ఆ పూటకు గండం గడిచినట్టే. సైకిల్ గోడకు కొట్టుకుని దబ్బున పడిందా, తాగొచ్చాడని తెలిసి, తమ్ముణ్ణి లేపి, తినే కంచం అక్కడే వదిలేసి, పెరటి తలుపు తీసుకుని మా ఇంటికి పరిగెత్తుకొచ్చేది. పొద్దున బడికి జడ వేయించుకుంటూ వాళ్లమ్మ ముఖం వంక చూసేది కాదు. చూస్తే వాచిన చెంప కనిపిస్తుంది కదా.

ఆ పిల్ల ఇవాళ నలభై దాటింది. సొంత ఇల్లుంది, డైనింగ్ టేబుల్ ఉంది. అయినా పెరటి గుమ్మం దగ్గర నిలబడి, ఎవరో తరుముతున్నట్టు నాలుగు ముద్దలు మింగేస్తుంది. పెద్దబ్బాయికి పక్క ఫ్లాట్ తలుపు గట్టిగా పడితే చాలు, ఆ రాత్రి నిద్ర ఉండదు. ‘ఇన్నేళ్లయింది, ఇంకా ఎందుకు తవ్వుకుంటారు’ అనేవాళ్లకు ఇవి కనిపించవు. మీరు తవ్వుకోవడం లేదు, మీ ఒళ్లే మర్చిపోవడం లేదు. నర్సుగా పనిచేసినదాన్ని కాబట్టి ఇంకో మాట కూడా చెబుతాను. అమెరికాలో శాన్‌డియేగోలో ఫెలిట్టి, ఆండా అనే డాక్టర్లు, వాళ్ల తోటివాళ్లు 9,508 మంది పెద్దవాళ్లను చిన్ననాటి కష్టాల గురించి అడిగి 1998లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంట్లో తాగుడు, తల్లిని కొట్టడం, తిట్లు, దెబ్బలు, ఇలాంటివి నాలుగు రకాలు గానీ అంతకు మించి గానీ చూసి పెరిగినవాళ్లలో తాగుడు, కుంగుబాటు, ఆత్మహత్యా ప్రయత్నం, అవేవీ చూడనివాళ్లకంటే నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువ ఉన్నాయని అందులో తేలింది. అంటే అందరికీ అలాగే జరిగి తీరుతుందని కాదు. మీకు వచ్చిన బాధకు కారణం ఉందని, మీరు పిరికివాళ్లు కారని తెలుసుకుంటే చాలు. పెద్దబ్బాయ్, వారానికి రెండు పెగ్గులేగా అంటున్నావట. నీ విషయంలో ఆ రెండూ ఎక్కువే నాయనా.

ఇప్పుడు చిన్నోడి సంగతి. వాడు పుట్టింది 1990లో. రెండేళ్లకు దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మీదికి కదిలారు, మన నెల్లూరు జిల్లా అంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆపేశారు. 1995 జనవరిలో మొత్తం మద్యానికే నిషేధం వచ్చింది. అందరూ మానేశారని నేననను, దొంగసారా దొరికే చోట దొరికేది. కానీ మీ నాయన మాత్రం ఆ నాలుగేళ్లూ చాలా మటుకు మనిషిగా ఉన్నాడు. చిన్నోణ్ణి భుజాన ఎక్కించుకుని తిరునాళ్లకు తీసుకెళ్లాడు, పలకా బలపం కొనిపెట్టాడు. వాడికి ఆ నాయన నిజం. మీ ఇద్దరికీ సైకిల్ పడ్డ చప్పుడు నిజం. వాడి నాయన్ని వాడి దగ్గరనుంచి లాక్కోకండి. వాడు కూడా తన జ్ఞాపకాన్ని మీ దెబ్బల మీద దుప్పటిలా కప్పకూడదు.

1997లో నిషేధం ఎత్తేశారు. మళ్లీ మొదలైంది. అప్పటికి పెద్దబ్బాయి హాస్టల్లో ఉన్నాడు. మరుసటేడు అక్కకు పెళ్లి చేసి పంపేశాం. ఆ ఇంట్లో తల్లి కొంగు పట్టుకుని మిగిలిందెవరు? ఏడేళ్ల చిన్నోడు. లేపి పెరటి దారిన తీసుకెళ్లడానికి వాడికి అక్క లేదు. మంచి రోజులు చూసినవాడికి అవి పోతే ఎలా ఉంటుందో మీరిద్దరూ వాణ్ణి ఎప్పుడైనా అడిగారా?

సంవత్సరీకం గురించి నా మాట ఇది. చేయాలని ఉన్నవాడు చేస్తాడు, చిన్నోడు చేయనీ. పెద్దబ్బాయి రాకపోతే రాడు. నలుగురూ ఏమనుకుంటారో అని వాణ్ణి బలవంతంగా పీట మీద కూర్చోబెట్టవద్దు. ఆ నలుగురూ సైకిల్ పడ్డ రాత్రుల్లో తలుపులు వేసుకున్నవాళ్లే. చచ్చిపోయినవాణ్ణి క్షమించాల్సిన బాధ్యత పిల్లల మీద పెట్టే అధికారం ఎవరికీ లేదు, పురోహితుడికైనా పెద్దమ్మకైనా.

మీ అమ్మ మీద కోపం కూడా నాకు తెలుసు. ‘మమ్మల్ని తీసుకుని ఎందుకు వెళ్లిపోలేదు’ అంటారు. ఎక్కడికి వెళ్లేది తల్లీ? చేతిలో జీతం లేదు, పుట్టింట్లో ‘సర్దుకుపో’ అన్నారు. ఆడదాన్ని ఉన్న ఇంట్లోంచి గెంటకుండా కాపాడే గృహహింస చట్టం అమల్లోకి వచ్చిందే 2006 అక్టోబరులో. ఇది తెలిసినా మీ కోపం పోకపోవచ్చు. ఉండనివ్వండి. డెబ్బై ఏళ్ల మనిషిని పండక్కి వచ్చినప్పుడల్లా బోనులో నిలబెట్టకండి, అంతే.

అమ్మాయ్, నీకొకటి. పదేళ్లకే తల్లివయ్యావు. ఇంకా ఇద్దరి కన్నీళ్లూ నువ్వే తుడవాలనుకుంటున్నావు. రాత్రి పన్నెండింటికి తమ్ముడు ఫోన్ చేస్తే వింటావు, తెల్లవార్లూ నువ్వు మేలుకుంటావు. తోడబుట్టినవాళ్లు తోడుండగలరు, వైద్యం చేయలేరు. ముగ్గురూ ఎవరికి వారు మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లండి. వెళ్లడానికి మొహమాటమైతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, 2022 నుంచి నడుస్తోంది, ప్రభుత్వానిదే, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

ముందుగా ఒక పని చెయ్యి అమ్మాయ్. ఈ ఆదివారం చిన్నోడికి ఫోన్ చెయ్యి. నువ్వు అత్తారింటికి వెళ్లాక ఆ ఇంట్లో ఏం జరిగిందో అడుగు. మధ్యలో నీ కష్టం చెప్పకు. వాడు చెప్పినంతసేపూ విను.