ఏ జట్టు గొప్పది?

లోకములోని జట్లన్నింటిలో గొప్పది యేది అను వాదము పనిలేనివారి ప్రొద్దుపుచ్చు మాట యని పెద్దలు కొట్టివేయుదురు. మేమును చిరకాలము అటులనే తలచితిమి. బడిలో పిల్లలు విరామవేళ ఈ వాదమునకు దిగి గొంతులు చించుకొనుచుండగా గంట కొట్టించి లోనికి తోలినవారమే. కాని కడచిన సంక్రాంతికి మా పల్లెలో జరిగిన యొక సంభాషణము మా తలపును కదల్చినది. పరుల శ్రమను చూచి ఆనందించువాడు ఆ శ్రమకు ఎంతవరకు ఋణపడును అను ప్రశ్న ఆ వాదములో దాగియున్నదని నాడు మాకు తెలిసినది.

మాది గుంటూరు సీమలో నల్లరేగడి గ్రామము. పత్తి, మిరప తప్ప వేరు మాట యెరుగని నేల. పండుగలకు ఒంగోలు జాతి యెడ్లచేత బండ లాగించు పందెములు ఈ ప్రాంతమున అనేక గ్రామములలో జరుగును. పద్ధతి యెరుగని చదువరుల కొరకు రెండు మాటలు. ఎడ్ల వయస్సును పళ్ళనుబట్టి నిర్ణయించి రెండుపళ్ళవి, నాలుగుపళ్ళవి, ఆరుపళ్ళవి అని తరగతులు చేయుదురు. తరగతికి తగిన బరువుగల బండను కట్టి, నియమితకాలములో ఏ జత యెంత దూరము లాగెనో అడుగులలో కొలిచి బహుమతి నిత్తురు. వయస్సు సమానము, బరువు సమానము, కాలము సమానము. ఇంతకన్న న్యాయమైన పోటీ మనుష్యులలో సైతము అరుదు. అయినను తీర్పు చెప్పిన మరునిమిషమున వాదము మొదలగును. ఉదయము దిగిన జతకు నేల చెమ్మగా నుండెనని ఒకరు, మధ్యాహ్నపు జతకు ఎండ తగిలెనని ఒకరు, మా తండ్రిగారినాటి జత ముందు ఇవన్నియు దూడలే యని వేరొకరు. ముల్లుకఱ్ఱను గూర్చి మాత్రము ఎవరును మాటాడరు. నాడు గట్టుపై నిలిచి కేకలు వేసినవారిలో మేమును ఉంటిమి గనుక ఆ మాట ఇక్కడనే ఒప్పుకొనుట మంచిది.

ఆ రాత్రి మొదటికోత మిరపకాయలు కల్లములో ఎండుచుండగా కావలికై మేము, మా చిన్నతాతగారు, మా మేనల్లుడు, వాని చెల్లెలు అచటికి చేరితిమి. మేనల్లుడు అమెరికాలోని డల్లాసు నగరమున ఉద్యోగము చేయుచు పండుగకు వచ్చియుండెను. చెల్లెలు వైద్యవిద్యార్థిని. చిన్నతాతగారికి తొంబది యేండ్లు సమీపించినవి. వారు బాల్యమున హైదరాబాదులో బంధువుల యింట నుండి చదువుకొనినవారు.

"మామయ్యా, ఎడ్ల మాట యటుంచుము. మా ఆఫీసులో ఈ వాదము ఏడాది పొడుగునను నడచును" అని మేనల్లుడు మొదలిడెను. అమెరికావారు ఫుట్‌బాలు అనునది మనమెరిగిన కాలిబంతి గాదు. కోడిగ్రుడ్డువలె కోలగానున్న బంతిని చేతబట్టి, ప్రక్కకు పదునొకండుగురు చొప్పున ఢీకొనుచు, నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందునకు సాగవలెను. ఆడువారు జీతములు గొను వృత్తియాటగాండ్రు. 1972లో మయామి డాల్ఫిన్సు అను జట్టు ఆడిన 17 ఆటలను గెలిచినది. ఆ లీగు చరిత్రలో మొదటినుండి తుదివరకు అన్ని ఆటలను గెలిచి చాంపియనైన జట్టు అదొక్కటే. 2007లో న్యూ ఇంగ్లండు పేట్రియట్సు వరుసగా 18 గెలిచి, 2008 ఫిబ్రవరిలో కడపటి ఆటను న్యూయార్కు జెయింట్సుకు 17–14గా పోగొట్టుకొన్నది. పదునేడు గెలిచినవారు గొప్పవారా, పదునెనిమిది గెలిచి ఒకటి ఓడినవారా? 1985 నాటి షికాగో బేర్సు ఒక్క ఆట ఓడిరి. ఓడించినవారు ఆ మయామివారే. కాని కడపటి ఆటను 46–10గా గెలిచిరి. అంతకు ముందు పిట్సుబర్గు స్టీలర్సు ఆరేండ్లలో నాలుగు మారులు చాంపియనులైరి. వాదమునకు ఇంతకన్న ఏమి కావలయును? 1972 నాటి మయామి యాటగాండ్రు ముసలివారైన పిమ్మట సైతము, ఏటేట ఓటమి యెరుగని కడపటి జట్టు ఓడినదని వినగానే విందు చేసికొందురను ప్రసిద్ధి కలదట. "మన దాయాదులకు ఏమి తీసిపోయినార్రా!" అని చిన్నతాతగారు నవ్విరి.

తరువాత వారి వంతు వచ్చినది. "మీ కోడిగ్రుడ్డు సంగతి నాకు తెలియదు. ఫతేమైదానములో మా హైదరాబాదు పోలీసు జట్టును చూచిన కన్నులివి" అని వారు లేచి కూర్చుండిరి. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచినది. 1950లోనే డ్యూరాండు కప్పును సైతము తెచ్చినది. దానికి శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిచేత బడిపంతులు. (ఇది వ్రాయునప్పుడు మా కలము కొంచెము తొందరపడినదని చదువరులు క్షమింతురు గాక.) బలహీనమైన కాలితోనే ఆడవలెనను నియమముతో పోటీలు పెట్టించి, బంతిని పట్టుకొని తిరుగక వెంటనే తోడివానికి అందించు నేర్పును అలవరచిన గురువాయన. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానము నందినది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2–1గా గెలిచి ఆసియా క్రీడల స్వర్ణపతకము గైకొన్నది. అప్పటికే ఆయనను క్యాన్సరు తినివేయుచుండెను, 1963లో మరణించిరి. ఆ జకార్తా కథలో చిన్నతాతగారికి మిక్కిలి ఇష్టమైనది జర్నేల్ సింగు ఘట్టము. రక్షణస్థానపు ఆటగాడైన జర్నేల్ తలకు గాయమై కుట్లు పడగా, రహీం ఆయనను ముందువరుసలో నిలిపెను. ఆయన కడపటి ఆటలో గోలు చేసెను. "తల పగిలినవాడు తలతో గెలిపించెను. మీ అమెరికాలో ఉన్నాడా అటువంటివాడు?" అని వారు కట్టె పొడిచినట్లు అడిగిరి.

మేమును ఊరకుండలేకపోతిమి. 1911లో కలకత్తాలో ఈస్టు యార్కుషైరు పటాలమును 2–1గా ఓడించిన మోహన్ బగాను జట్టులో ఒక్కడు దప్ప తక్కినవారందరు వట్టి కాళ్ళతో ఆడినవారు. బూట్లు తొడిగినవారితో వారిని ఏ కొలతతో పోల్చెదమని అడిగితిమి. పూర్వులు గొప్పవారని తాతగారు, శాస్త్రీయమైన తర్ఫీదుగల నేటివారు గొప్పవారని మేనల్లుడు. పాతదగుటచేతనే మంచిదని, క్రొత్తదగుటచేతనే చెడ్డదని యెంచరాదని కాళిదాసు మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలో చెప్పించిన మాటను జ్ఞప్తిచేసి, మధ్యస్థుని గౌరవమును మేము సంపాదింప జూచితిమి. ఎడ్ల పందెములో వలె వయస్సు, బరువు, కాలము ఏకము చేయు ఉపాయము మనుష్యులలో లేదు గనుక ఈ తగవు తీరదని తీర్పు చెప్పి, దుప్పటి కప్పుకొనబోవుచుంటిమి.

అంతవరకు ఊరకున్న పిల్ల, "అన్నయ్యా, ఆ మయామివారు తరువాత ఏమైరి?" అని అడిగెను.

మేనల్లుడు తడబడెను. విందు సంగతి యెరుగును గాని అంతకుమించి యెరుగడు. ఆమె యెరుగును, పాఠములలో చదివినదట. పిట్సుబర్గు జట్టు నాలుగు గెలుపులలోను ఉన్న మైక్ వెబ్‌స్టరు 2002లో ఏబది యేండ్లకే మరణించెను. బ్రదికియుండగనే మతి చెడి, కొన్నాళ్ళు తన బండిలోనే నిద్రించుచు కాలము గడపినవాడు. నైజీరియానుండి వచ్చిన బెనెట్ ఒమాలు అను వైద్యుడు ఆయన మెదడును పరీక్షించి, తలకు పదేపదే తగిలిన దెబ్బలచేత కలుగు మెదడు క్షయమును అందు కనుగొనెను. 2005లో దానిని ప్రకటించెను. 1985 నాటి షికాగో జట్టులోని డేవ్ డ్యూర్సన్ తన మెదడును పరీక్షకిమ్మని వ్రాసిపెట్టి 2011లో ప్రాణము తీసికొనెను. ఆ జబ్బే అందును కనబడెను. ఇక ఓటమి యెరుగని మయామి. ఆ యేడు ముఖ్యమైన ఆటగాని కాలు విరుగగా, 38 ఏండ్ల ఎర్ల్ మోరాల్ ఆ స్థానమున నిలిచి జట్టును నడిపెను. 2014లో ఆయన మరణించిన పిమ్మట ఆయన మెదడులోను అదే. 2019లో మరణించిన నిక్ బ్యూనికాంటి మెదడులోను అదే. ఈ జబ్బునకు, తమ యాటకు సంబంధము కలదని ఆ లీగు అధికారి యొకరు అమెరికా శాసనసభ్యుల యెదుట ఒప్పుకొనునప్పటికి 2016 వచ్చినది.

కల్లములో కొంతసేపు ఎవరును మాటాడలేదు. మేనల్లుడు తేరుకొని, "వారికి జీతములిచ్చిరి, ఇష్టపడి ఆడిరి" అనెను. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట గాదు. ఎవరి శరీరముపై వారికి అధికారము కలదని సంస్కారవాదులమైన మనమే చెప్పుదుము. కాని మిరప రైతు కుటుంబములో పుట్టినవానికి కాటా సంగతి తెలియకపోదు. ముల్లు చూపక తూచిన సరకును రైతు సంతోషముగనే అమ్మవచ్చును. అంతమాత్రముచేత ఆ తూనిక న్యాయమగునా? తాము ఏమి యమ్ముచున్నదియు వెబ్‌స్టరునకు గాని మోరాల్‌కు గాని నాడు ఎవరు చెప్పిరి?

చిన్నతాతగారు కొంచెము గర్వముతో, "మా ఆట అటువంటిది గాదు" అనిరి. కొంతవరకు నిజమే. బంతిని పరుగెత్తించి మనిషిని కాపాడు పద్ధతి రహీముది. ఆ కారణముచేత ఆ జట్టుకే మా ఓటు, బడిపంతులకు బడిపంతులు చేయు పక్షపాతమనుకొన్నను సరే. అయినను మా మేనకోడలు వదలలేదు. "తాతయ్యా, జకార్తా జట్టులోని తులసీదాసు బలరాం ఏమైరి?" వారు కన్నులు మూసికొని ఆయన ఆటను వర్ణింప మొదలిడిరి. సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడవాడు, 1956, 1960 ఒలింపిక్సులలో ఆడినవాడు. జబ్బుచేసి 1963లో, ముప్పదియేండ్లు నిండకమునుపే ఆట మానెనని వినియుండిరి. ఇప్పుడెక్కడనో కలకత్తా ప్రాంతమున నున్నాడనిరి. ఆయన 2023 ఫిబ్రవరిలోనే మరణించెనని పిల్ల చెప్పగా ఆ వృద్ధుని ముఖము చూడలేకపోతిమి. అరువదియేండ్లు తలచుకొనిన మనిషి పోయినది మూడవ తరపు పిల్ల చెప్పవలసివచ్చెను. మధ్యస్థులమని గర్వించిన మాకును తెలియదు.

నాడు నిద్రపట్టలేదు. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అని మన పూర్వులు మూడు ఋణములను లెక్కించిరి. చూచువాని ఋణమును ఎవరును లెక్కలో వేయలేదు. జర్నేల్ తల పగిలిన కథను మేమెన్ని మారులు బడిలో చెప్పలేదు! పిల్లల రోమములు నిక్కబొడుచుట చూచి మురిసితిమి. కొన్నేండ్ల క్రిందట, ఆటలపోటీలలో మడమ బెణికిన యొక బాలుడు కన్నీరు మ్రింగి ఆడి మా బడి జట్టును గెలిపించెను. సభలో వానిని నిలువబెట్టి మెచ్చుకొన్నది మేమే. ఆ కథను వానికి బోధించినదియు మేమే. వాడు ఆ యేడంతయు కుంటుచు బడికి వచ్చెను. కప్పు నేటికిని అద్దాల బీరువాలో మెరయుచున్నది. ఆ బాలుడు ఇప్పుడెక్కడ నున్నదియు మాకు తెలియదు. జర్నేల్ ధైర్యము తక్కువదని మేము చెప్పుటలేదు. తన గాయము నెరిగి, తన జట్టుకొరకు నిలిచిన మనిషి వాడు. ఆ రక్తమును పాఠముగా మార్చి, గాయము లేనివారము ఇతరుల పిల్లలనుండి దానినే కోరుటలో చిక్కున్నది. ఎంత ధైర్యము దగ్గర ఆపి ఎంత ముందునకు పంపవలెనో మేమింకను తేల్చుకొనలేకున్నాము. తరువాతి పోటీలనాటికి తేల్చుకొనక తప్పదు.

తెల్లవారి మేనల్లునితో కలిసి, రెండవ బహుమతి గెలిచిన జతను చూడబోతిమి. కుడిప్రక్క యెద్దు తుంటిమీద ముల్లుకఱ్ఱ దిగిన చోట్లు వాచియుండెను. రైతు వెచ్చని నీటిలో గుడ్డ ముంచి అద్దుచుండెను, పొడిచినదియు ఆయనయే. రాత్రి వాదము ఇంకను వదలని మా మేనల్లుడు, "బాబాయ్, మీరు చూచిన జతలలోకెల్ల గొప్ప జత ఏది?" అని అడిగెను. ఆయన తల యెత్తలేదు.

"ముందు దీన్ని కుడితి తాగనియ్యి బాబూ, తర్వాత చెబుతా" అనెను.